తిరుపతి యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది, మరి ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

తిరుపతిలో యూనివర్సిటీ ఉద్యోగం అనగానే అందరూ మొదట అడిగేది, "క్యాంపస్ పక్కనే ఇల్లు దొరుకుతుందా?" అని. నన్నడిగితే ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. ఉద్యోగం చేసే మనిషికి కొత్త ఊరు మొదటి వారంలోనే సగం అలవాటైపోతుంది. డిపార్ట్‌మెంట్ ఉంటుంది, పక్క సీటు మనిషి ఉంటారు, పదకొండింటికి టీకి పిలిచేవాళ్లు ఉంటారు. వెంట వచ్చిన భార్యకో, భర్తకో, పిల్లలకో, అమ్మానాన్నలకో అవేవీ ఉండవు. వాళ్లకి ఊరంటే ఆ ఇల్లూ ఆ వీధే. అందుకే ఇంట్లో ఉద్యోగం లేని మనిషికి పగలెలా గడుస్తుందో చూసుకుని ఇల్లు ఎంచుకోవాలి. మీ ప్రయాణం రోజుకో ఇరవై నిమిషాలు పెరిగినా ఫరవాలేదు.

ముందు ఏ సంస్థ ఎటువైపు ఉందో చెప్తాను. 1954లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, స్విమ్స్ (వైద్య విశ్వవిద్యాలయం, ఆసుపత్రి) అన్నీ కొండ కింద, ఊరికి పడమటి వైపున, ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. వేద విశ్వవిద్యాలయం కాస్త ఎడంగా, అలిపిరి నుంచి చంద్రగిరి వైపు వెళ్లే దారిలో ఉంది. మోహన్ బాబు యూనివర్సిటీ చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో ఉంది. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువు, పరిశోధనల సంస్థ) రెండూ పేరుకి తిరుపతివే గానీ ఉన్నది ఏర్పేడు మండలంలో. ఊరి నుంచి పాతిక కిలోమీటర్ల లెక్క. అంటే పడమర, చంద్రగిరి దారి, ఏర్పేడు, ఈ మూడు దిక్కుల్లో మీది ఏదో తెలిస్తే సగం ప్రశ్నలు తీరిపోతాయి.

కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో చేరేవాళ్లకి ఒక్క మాట. ఒకప్పుడు రెండూ చిత్తూరు జిల్లానే కదా అని తిరుపతిలో కాపురం పెట్టే ఆలోచన చేయకండి. కుప్పానికి తిరుపతి కంటే బెంగళూరే దగ్గర. ఉంటే కుప్పంలోనే ఉండాలి.

క్వార్టర్సా, అద్దె ఇల్లా?

డబ్బు లెక్క ముందు చూద్దాం. క్వార్టర్స్ తీసుకుంటే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) ఆగిపోతుంది, క్వార్టర్స్‌కి లైసెన్స్ ఫీజు జీతంలో కట్ అవుతుంది. కేంద్ర సంస్థల్లో 2024 జనవరి నుంచి ఊరి తరగతిని బట్టి బేసిక్‌లో 30, 20, 10 శాతం చొప్పున హెచ్ఆర్ఏ ఇస్తున్నారు. మీ ఆర్డర్‌లో ఏ రేటు రాశారో చూసుకోండి. బేసిక్ 70,000 అనుకుంటే 10 శాతానికి పోయేది 7,000, 20 శాతానికైతే 14,000. ఏడు వేలకి బయట మంచి రెండు బెడ్‌రూముల ఇల్లు రావడం కష్టం కాబట్టి 10 శాతం వాళ్లకి డబ్బు పరంగా క్వార్టర్సే లాభం. రాష్ట్ర యూనివర్సిటీల్లో రాష్ట్ర ప్రభుత్వ రేట్లు, దానిమీద ఒక సీలింగ్ ఉంటాయి. అక్కడ లెక్క వేరేగా తేలుతుంది. మీ అకౌంట్స్ సెక్షన్లో అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు.

అయితే డబ్బు లెక్క ఒక్కటే చూసుకుని దిగిపోవద్దు. ఊళ్లో ఉన్న క్యాంపస్ క్వార్టర్స్ వేరు, ఏర్పేడు క్యాంపస్ క్వార్టర్స్ వేరు.

ఊళ్లోని పాత క్యాంపస్‌ల్లో చెట్ల నీడ, నడవడానికి విశాలమైన దారులు, గేటు దాటితే బజారు. వీటికి వంక పెట్టలేం. కానీ పాత ఇళ్లంటే పాత వైరింగ్, పాత పైపులు. తాళం చేతికి తీసుకునే ముందే వర్షాకాలంలో ఏ గోడ చెమ్మ పడుతుందో పక్కింటివాళ్లని అడగండి. రిపేర్లు ఏమున్నా చేరకముందే రాతపూర్వకంగా అడిగి చేయించుకోండి. సామాను దింపేశాక అడిగితే ఆ పని వెనక్కి పోతూనే ఉంటుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. శేషాచలం అడవి మన గోడ అవతలే ఉంది. ఎస్వీ యూనివర్సిటీ, వేద విశ్వవిద్యాలయం ఆవరణల్లోకి చిరుతలు వచ్చిన సంఘటనలు జరిగాయి. టెన్షన్ పడిపోనక్కర్లేదు, తేలిగ్గా తీసుకోనూ కూడదు. పొద్దు వాలాక చిన్నపిల్లల్ని ఒంటరిగా బయట ఆడుకోనివ్వకండి. కుక్కలు ఎక్కడ చేరితే చిరుత అక్కడికే వస్తుంది కాబట్టి ఇంటి వెనక తిండి పారేయకండి. కొండ వైపు చివరి వరుస ఇల్లు, లోపలి వరుస ఇల్లు రెండూ ఖాళీగా ఉంటే, పసిపిల్లలున్నవాళ్లు లోపలి వరుసే అడగాలి.

ఏర్పేడులో క్వార్టర్స్ కొత్తవి, ప్రశాంతంగా ఉంటాయి, పిల్లలకి తోడు ఉంటుంది. భార్యాభర్తలిద్దరిదీ అక్కడే ఉద్యోగమైనా, బిడ్డ ఇంకా చిన్న తరగతుల్లో ఉన్నా అంతకంటే మంచి చోటు లేదు. అదే ఇంట్లో ఒకరు బండి నడపలేని మనిషైతే ఆలోచించుకోవాలి. కూరగాయల నుంచి కళ్లజోడు రిపేరు దాకా ప్రతి పనికీ బస్సు టైము చూసుకోవాల్సి వస్తుంది. ఉద్యోగం వెతుక్కునే భార్యకి గానీ, ఇంటర్‌లో చేరబోయే పిల్లాడికి గానీ, నెలనెలా డాక్టర్ని చూడాల్సిన పెద్దవాళ్లకి గానీ ఆ చోటు సరిపడదు.

ఊళ్లో అయితే పాత పడమరా, బైపాస్ పక్కా?

బాలాజీ కాలనీ, పద్మావతి నగర్, ఎస్వీ నగర్, భవానీ నగర్, కాస్త లోపలికి బైరాగిపట్టెడ, కేటీ రోడ్డు. పడమటి యూనివర్సిటీల వాళ్లు తరతరాలుగా ఉంటున్న పేటలు ఇవి. అద్దె ఎక్కువ, ఇళ్లు పాతవి, కారు నిలపడానికి చోటు తక్కువ. అయినా పెద్దవాళ్లు వెంట ఉంటే నేను వీటికే ఓటేస్తాను. స్విమ్స్, రుయా ఆసుపత్రులు, ఎముకల వైద్యానికి బర్డ్ అన్నీ ఇటువైపే ఉన్నాయి. సాయంత్రం నాన్నగారు కపిలతీర్థం దాకో, యూనివర్సిటీ రోడ్ల మీదో నడిచి రావచ్చు. అన్నమాచార్య కళామందిరంలోనో మహతి ఆడిటోరియంలోనో హరికథో కచేరీయో ఉంటే ఆటోలో పోయి వినొచ్చు, టికెట్ కూడా అక్కర్లేదు. పిల్లలకో మీకో సంగీతం, నాట్యం నేర్చుకోవాలని ఉంటే టీటీడీ సంగీత నృత్య కళాశాల ఈ ఊళ్లోనే ఉంది. కొత్త ఊళ్లో పలకరించే మనిషి లేక ఇంట్లో కుమిలిపోయే వాళ్లకి ఇలాంటి చోట్లే నాలుగు ముఖాలు పరిచయం చేస్తాయి.

రెండో దారి ఏఐఆర్ బైపాస్, ఎంఆర్ పల్లె, తుమ్మలగుంట, పేరూరు, అవిలాల వైపు. కొత్త అపార్ట్‌మెంట్లు, లిఫ్టు, కారు పార్కింగ్, కాస్త విశాలమైన గదులు. పడమటి పేటల్లో రెండు గదుల ఇంటికి ఇచ్చే అద్దెకి ఇక్కడ ఇంకాస్త పెద్దది చూడొచ్చు. చంద్రగిరి వైపు పనిచేసేవాళ్లకి ఇదే సరైన దిక్కు, ఊరి రద్దీలో పడకుండా నేరుగా రోడ్డెక్కేయొచ్చు. లోపం ఎక్కడంటే కాలినడకన చేరేవి తక్కువ. పాల ప్యాకెట్‌కీ బండి తీయాలి. కొన్ని లేఅవుట్లలో వీధికి రెండు ఇళ్లు కట్టి మిగతావి ఖాళీ ప్లాట్లుగా ఉంటాయి. పగలంతా ఒంటరిగా ఉండే మనిషికి ఆ వీధి బాగుండదు. ఇల్లు ఎంత నచ్చినా ఒకసారి మధ్యాహ్నం రెండు గంటలకి, ఇంకోసారి రాత్రి ఎనిమిదికి ఆ వీధిలో నిలబడి చూసి రండి.

చంద్రగిరిలోనే ఉండొచ్చా అని రంగంపేట వైపు వాళ్లు అడుగుతుంటారు. అద్దె కలిసొస్తుంది, ఊరు బాగుంటుంది. బడి, ఆసుపత్రి అవసరాలు తక్కువున్న దంపతులకి నేను సరే అంటాను.

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పాత వీధులు చూడముచ్చటగా ఉంటాయి. కానీ యాత్రికుల రద్దీలో కాపురం కష్టం. దాని గురించి ఎక్కువ చెప్పను.

నీళ్లు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు

ఈ ఊళ్లో ఇల్లు చూడ్డమంటే సగం నీళ్లు చూడ్డమే. తిరుపతికి మున్సిపల్ నీళ్లు కల్యాణి డ్యామ్ నుంచీ తెలుగు గంగ నుంచీ వస్తాయి. అన్ని వీధులకీ అన్ని రోజులూ రావు. మిగతాదంతా బోరు. బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు, ఉప్పు తేలుతాయి. ఓనర్ "స్వీట్ వాటరండీ" అంటారు. విని ఊరుకోకండి, బాత్రూంలోకి వెళ్లి కుళాయి మూతి చూడండి. చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి పొర గట్టిపడి ఉందంటే మీ గీజరు కాయిల్, వాషింగ్ మెషీన్, జుట్టు అన్నీ ఆ పొర కిందకే వస్తాయి. షవర్ తిప్పి చూడండి, సగం కన్నాలు మూసుకుపోయి నీళ్లు పక్కలకి చిమ్ముతున్నాయంటే అదే కారణం. తర్వాత అడగాల్సినవి మూడు. మున్సిపల్ కనెక్షన్ ఉందా, ఉంటే ఎన్ని రోజులకోసారి వదులుతారు? సంపు ఎంత పెద్దది? మే నెలలో ట్యాంకర్ వస్తే ఆ డబ్బు మెయింటెనెన్స్‌లోనే ఉందా, వేరేగా వసూలు చేస్తారా? ఈ మూడో ప్రశ్న అడగనివాళ్లే ఎండాకాలంలో ఓనర్‌తో మాటామాటా అనుకుంటారు.

ఎండ కూడా గుర్తుంచుకోండి. మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది. కొండ పగలంతా కాగి రాత్రి కూడా వేడి వదులుతుంటుంది. పై అంతస్తు ఇల్లు వెయ్యి రూపాయలు తక్కువకి వచ్చినా కరెంటు బిల్లులో తిరిగి పోతుంది. అన్నట్టు, మీ పోర్షన్‌కి వేరే మీటరు ఉందో లేదో చూసుకోండి. రెండు పోర్షన్లకీ ఒకే మీటరుంటే యూనిట్లు కలిసి పై స్లాబులోకి ఎక్కుతాయి, వాడకం తక్కువున్నా ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

ఇక వాన. మనకి పెద్ద వానలు పడేది అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో పడిన వానకి ఊళ్లో పల్లపు కాలనీలు మునిగాయి, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి ఇళ్లు కూలాయి, రాయలచెరువు గట్టుకి గండి పడుతుందేమోనని కింది ఊళ్లని ఖాళీ చేయించారు. అందుకే ఏ కాలనీకి వెళ్లినా ఓనర్‌ని కాకుండా వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి: "రెండువేల ఇరవై ఒకటిలో నీళ్లు ఎంతవరకు వచ్చినాయి అన్నా?" గడప దాకానా, మోకాలి దాకానా అని ఆయన చేత్తో చూపించి చెప్తాడు. బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే ఇది తప్పనిసరిగా అడగాలి.

ఏర్పేడు వాళ్లకి మూడు దారులు

క్యాంపస్ సంగతి పైన చెప్పాను. బయట ఉండదలుచుకుంటే ఒకటి తిరుపతి తూర్పు పక్క, అంటే కరకంబాడి రోడ్డు, తిరుచానూరు, రేణిగుంట. రెండోది శ్రీకాళహస్తి.

తిరుపతి పడమర పేటల్లో ఉండి రోజూ ఏర్పేడు పోవడం నేను సలహా ఇవ్వను. పొద్దున ఊరు దాటడానికే సగం ఓపిక అయిపోతుంది. 2023లో తెరిచిన గరుడ వారధి ఫ్లైఓవర్ వల్ల కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు వైపు వెళ్లడం చాలా తేలికైంది, నిజమే. అయినా బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల్లో శనాదివారాలు అంటే ఊరంతా బండ్లే. కరకంబాడి రోడ్డు వైపో రేణిగుంట వైపో ఉంటే ఆ రద్దీని వెనక వదిలేసి బయల్దేరొచ్చు. రేణిగుంటలో జంక్షన్ ఉంది, విమానాశ్రయం ఉంది. మనిషి ఒకరు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తూ వారం వారం వచ్చిపోయే కాపురాలకి అది ఎంత సుఖమో వాళ్లకే తెలుస్తుంది. తిరుచానూరులో అమ్మవారి గుడి పక్కనే ఉండాలని ఉంటే కార్తీక బ్రహ్మోత్సవాల్లో, పంచమి తీర్థం రోజున వీధులు ఎలా ఉంటాయో ముందే కనుక్కోండి.

శ్రీకాళహస్తిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఏర్పేడుకి తిరుపతి కంటే అదే దగ్గర, రోడ్డు ఖాళీగా ఉంటుంది, తిరుపతి బస్సులన్నీ ఏర్పేడు మీదుగానే పోతాయి. చిన్న ఊరు కాబట్టి బజారు, గుడి, బడి అన్నీ నడకలో ఉంటాయి. ఇంట్లో ఉండే మనిషి బండి లేకుండా తన పనులు తాను చేసుకోగలిగే ఊరది. పెద్ద ఆసుపత్రి, పెద్ద కాలేజీ కావాలంటే మాత్రం తిరుపతికి రావాల్సిందే. ఇద్దరే ఉన్న సంసారానికి, చిన్న పిల్లలున్న ఇంటికి నేను రేణిగుంట కంటే శ్రీకాళహస్తికే మొగ్గుతాను.

ఎక్కడున్నా సంస్థ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆఖరి బస్సు ఎప్పుడు అని కనుక్కోండి. ల్యాబ్ పనో మీటింగో ఉండి ఆ బస్సు తప్పిన రోజు ఇంటికెలా చేరతారో కూడా ముందే ఆలోచించుకోవాలి.

చుట్టాల గది

తిరుపతిలో కాపురం పెట్టాక వచ్చే ఫోన్లు వేరే ఊళ్లో రావు. "దర్శనానికి వస్తున్నాం, ఒక్క రాత్రి మీ ఇంట్లో" అని పెదనాన్న కొడుకు, చిన్నప్పటి స్నేహితుడు, పాత ఊళ్లో పక్కింటివాళ్లు, అందరూ చేస్తారు. రావాల్సినవాళ్లే, సంతోషమే. కానీ ఆ వంటా వడ్డనా ఎవరి మీద పడుతుందో చూడండి. మీరు క్లాసుకి వెళ్లిపోతారు. అందుకని రెండో బాత్రూం ఉన్న ఇల్లే తీసుకోండి. దానికోసం హాలు చిన్నదైనా సర్దుకోవచ్చు. తెల్లవారుజామున కొండకి పోయేవాళ్ల కోసం మీరు బండి తీయనక్కర్లేకుండా ఆటో దొరికే వీధిలో ఉంటే ఇంకా మంచిది.

2024 డిసెంబరు నుంచి టీటీడీ ప్రతి నెలా మొదటి మంగళవారం స్థానికులకి దర్శనం మళ్లీ ఇస్తోంది. తిరుమల వాళ్లతో పాటు తిరుపతి అర్బన్, తిరుపతి రూరల్, చంద్రగిరి, రేణిగుంట మండలాల చిరునామా ఆధార్‌లో ఉన్నవాళ్లకి ఆ టోకెన్లు. ఏర్పేడు, శ్రీకాళహస్తి ఎంచుకునేవాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి. అమ్మానాన్నలకి ఇది చిన్న విషయం కాదు. అద్దె అగ్రిమెంట్ కాగానే ఆధార్ అడ్రస్ మార్పించుకోండి.

ఎప్పుడు వెతకాలి

చేరేది జూన్, జూలైల్లో అయితే ఆషాఢం అడ్డొస్తుంది. ఆషాఢంలో కొత్తింట్లో దిగడానికి మనవాళ్లు ఇష్టపడరు, ఓనర్లూ ఒప్పుకోరు. మీకు పట్టింపు ఉంటే జ్యేష్ఠంలోనే వచ్చి పాలు పొంగించి తాళం వేసుకుపొండి. పట్టింపు లేకపోతే ఆషాఢమే మంచి అదను, ఖాళీ ఇల్లు ఉన్న ఓనర్ బేరానికి దిగుతాడు. కొన్ని ఇళ్లల్లో మాంసాహారం వండకూడదనే షరతు ఉంటుంది. అది అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగేయాలి, దాచిపెట్టి దిగితే తర్వాత రోజూ టెన్షనే.

గెస్ట్ ఫ్యాకల్టీగానో కాంట్రాక్టు మీదో వచ్చినవాళ్లకి క్వార్టర్స్ ఆశ తక్కువ. మొదటి సెమిస్టర్‌కి కుటుంబాన్ని తీసుకురాకుండా, బాలాజీ కాలనీ చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పోర్షన్ తీసుకోవడం మేలు. రెన్యువల్ చేతికొచ్చాక పిల్లల బడి మార్చొచ్చు. కేంద్ర సంస్థల్లో చేరేవాళ్లు మాత్రం కేంద్రీయ విద్యాలయ అడ్మిషన్ తేదీలు చూసుకుని దానికి తగ్గట్టు కదలాలి. తిరుపతిలో ఆ బడులున్నాయి, ఉద్యోగి పిల్లలకి ప్రాధాన్యమూ ఉంటుంది. ఆ తేదీలు మాత్రం మనకోసం ఆగవు.

కొనుక్కోవడం గురించి

చేరిన ఏడాదే ప్లాటు కొనమని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఒక ఎండాకాలం, ఒక నవంబరు ఈ ఊళ్లో గడిపి చూడండి, ఏ వీధిలో ఏముందో కళ్లకి కనిపిస్తుంది. కొనే రోజు వచ్చినప్పుడు లేఅవుట్‌కి తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా చూడండి. ఈ చుట్టుపక్కల మఠం భూములు, దేవుడి మాన్యాలు, చెరువు పోరంబోకులు ప్రైవేటు పట్టాల్లో కలిసిపోయి ఉంటాయి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) వెనక్కి ఎంత దూరం దొరికితే అంత దూరం తీయించి, ఆ ప్లాటుతో ఏ సంబంధమూ లేని వకీలు చేత చదివించండి. అమ్మేవాళ్లు చూపించిన వకీలు వద్దు.